బెందర్ ఆకర్షణ: ‘పన్నెండు కుర్చీలు’ నవలలో మోసం, మాట, మూల్యం

వ్యాససంగ్రహం:
ఇల్యా ఇల్ఫ్, యెవ్‌గేనీ పెత్రోవ్ కలిసి రచించిన ‘పన్నెండు కుర్చీలు’ (1928) రష్యన్ హాస్యనవలల్లో అగ్రశ్రేణికి చెందినది. దాని నాయకుడు ఒస్తాప్ బెందర్ వంచకుడు, అవకాశవాది. అయినా తరతరాల పాఠకులు అతని పక్షమే వహిస్తున్నారు. ఈ ఆకర్షణకు చమత్కారం ఒక్కటే కారణం కాదనీ, ఎదుటివారి కోరికను వారికంటె ముందుగా గుర్తించే శక్తి, తాను ఆశించే ధనంపై తనకే గట్టి మమకారం లేకపోవడం అసలు కారణాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ ఆకర్షణకు మూల్యం చెల్లించేవారు ఎవరన్న ప్రశ్నను మొదటి నవల దాటవేసిన తీరును, ‘బంగారు దూడ’ (1931) దానిని తిరిగి ఎత్తుకున్న తీరును పరిశీలిస్తుంది. అవసరమైనచోట గురజాడ గిరీశంతో పోలిక చూపుతుంది.

కీలకపదాలు: ఇల్ఫ్, పెత్రోవ్, ఒస్తాప్ బెందర్, హాస్యనవల, వంచకపాత్ర, గిరీశం, సోవియట్ సాహిత్యం.

1. ఉపోద్ఘాతం

‘పన్నెండు కుర్చీలు’ చివర ఒక హత్య ఉంది. గాఢనిద్రలో ఉన్న మనిషి గొంతును అతని భాగస్వామే మంగలికత్తితో కోస్తాడు. హతుడు సత్పురుషుడేమీ కాడు. పెళ్లి పేరుతో ఒక వితంతువును వంచించినవాడు. దిక్కులేని పిల్లల పేరు చెప్పి చందాలు దండుకున్నవాడు. చదరంగం ఆడటం రాకపోయినా గ్రాండ్‌మాస్టర్‌నని ఒక ఊరిని నమ్మించినవాడు. లోకన్యాయం ప్రకారం అతని పతనం పాఠకునికి తృప్తి కలిగించాలి. అలా జరగదు. నవలంతా వెదికిన వజ్రాలు దొరకలేదన్న సంగతికంటె బెందర్ ఇక మాట్లాడడన్న సంగతే ఎక్కువ బాధిస్తుంది.

తెలుగు పాఠకునికి ఈ చిక్కు కొత్తది కాదు. ‘కన్యాశుల్కం’ నాటకం 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో సమూలంగా మారిన రూపంలో వెలువడింది. ఆనాటి నుంచి గిరీశాన్ని అసహ్యించుకోవలసిన బాధ్యత తనపై ఉందని తెలిసి కూడా తెలుగువాడు ఆ పని చేయలేకపోతున్నాడు. కన్యాశుల్క దురాచారం సంఘంలో వెనుకబడిపోయింది. గిరీశం మాత్రం మిగిలాడు. బెందర్ విషయమూ అటువంటిదే. అతడు ఎగతాళి చేసిన వ్యవస్థ 1991లో అంతరించింది. అతని పేరు మాత్రం రష్యన్ భాషలో దాదాపు జాతివాచకంగా నిలిచిపోయింది.

ఈ ఆకర్షణకు సాధారణంగా రెండు కారణాలు చెబుతారు. ఒకటి చమత్కారం, రెండవది చట్టాన్ని లెక్కచేయని తెగువ. రెండూ నిజమే, కాని చాలవు. ఈ నవలలోనే ఇజ్నురెన్కొవ్ అనే పాత్ర ఉంది. చమత్కారాలు పుట్టించడమే అతని వృత్తి. అతడు వదిలిన ఛలోక్తులను పత్రికలు, రంగస్థలాలు, ప్రకటనలు పేరైనా చెప్పకుండా వాడుకుంటాయి. పుస్తకం మూసిన తరువాత అతడు ఎవరికీ గుర్తుండడు. చట్టాన్ని ఉల్లంఘించేవారికైతే ఈ నవలలో కొదవే లేదు. వారిలో ఎవరినీ మనం ప్రేమించం. కనుక కారణం మరొకచోట వెదకాలి.

2. ఉపపాత్ర నాయకుడైన వైనం

ఇల్ఫ్, పెత్రోవ్ ఇద్దరూ ఒడెస్సావారు. నల్లసముద్రపు రేవుపట్టణమైన ఒడెస్సా వ్యాపారులకు, దొంగరవాణాదారులకు, ఛలోక్తులకు పేరుపొందిన ఊరు. పెత్రోవ్ యౌవనంలో కొంతకాలం అక్కడి నేరపరిశోధక శాఖలో పనిచేశాడు కూడా. ఇద్దరికీ పరిచయం కలిగింది మాత్రం మాస్కోలో, రైల్వే కార్మికుల దినపత్రిక ‘గుదోక్’ కార్యాలయంలో. ‘గుదోక్’ అంటే రైలు కూత. కార్మికులు, గ్రామీణ విలేకరులు పంపే వంకర టింకర ఉత్తరాలను అచ్చుకు తగిన చిన్న వ్యంగ్యరచనలుగా మార్చడం అక్కడ ఇల్ఫ్ పని. అధికారిక నినాదానికీ, దాని కింద నడిచే నిత్యజీవితానికీ మధ్య ఉన్న ఎడం రోజూ అతని బల్లమీదికి వచ్చిపడేది. ఆ బల్లను తెలుసుకోకుండా ఈ నవలను అర్థం చేసుకోవడం కష్టం.

కుర్చీల్లో దాచిన వజ్రాల ఊహ పెత్రోవ్ అన్నగారు, సుప్రసిద్ధ రచయిత వలెంతీన్ కతాయెవ్‌ది. ఇల్ఫ్, పెత్రోవ్ ఇద్దరూ రాస్తే తాను మెరుగుపెడతానని ఆయన మొదట భావించాడు. రాసినది విన్న తరువాత తన మెరుగు అక్కరలేదని తప్పుకొని, అంకితం మాత్రం కోరాడు. పగలు పత్రికాఫీసులో ఉద్యోగం, రాత్రి అదే భవనంలో నవలారచన. ప్రతి వాక్యమూ ఇద్దరూ పక్కపక్కన కూర్చొని ఒప్పుకున్న తరువాతనే కాగితంమీదికి వచ్చేది. నవల 1928 జనవరి నుంచి జూలై వరకు ‘30 దినాలు’ అనే మాసపత్రికలో ధారావాహికంగా వెలువడి, ఆ సంవత్సరమే పుస్తకరూపం ధరించింది.

పెత్రోవ్ తన స్మృతుల్లో చెప్పిన ఒక విషయం ఇక్కడ ముఖ్యం. బెందర్‌ను మొదట ఉపపాత్రగా, ఒకటి రెండు సన్నివేశాలకు పరిమితమైనవాడిగానే అనుకున్నారు. ఒక అధ్యాయం తరువాత మరొక అధ్యాయంలోకి అతడు చొరబడుతూ వచ్చాడు. కొంతకాలానికి రచయితలు అతనిని సజీవవ్యక్తిలా భావించి, అతని దురుసుతనానికి కోపం తెచ్చుకునే స్థితికి చేరారు. ఇతరుల ఇళ్లలోకి చనువుగా ప్రవేశించి యజమానిలా తిరిగే బెందర్ స్వభావం నవల నిర్మాణంలోనే ఉందన్నమాట. చివరకు అతనిని చంపాలా వద్దా అన్న విషయమై ఇద్దరికీ వాదం జరిగింది. రెండు కాగితపు ముక్కలు తీసుకొని, ఒకదానిమీద పుర్రె, దాని కింద ఎముకలు గీసి, చక్కెరగిన్నెలో వేసి తీశారు. పుర్రె వచ్చింది. ఒక మహాహాస్యపాత్ర ప్రాణం చీటీలో తేలడం కొంత చిత్రంగానే ఉంటుంది. ఈ తేలికతనానికి తరువాత పెత్రోవే నొచ్చుకున్నాడు.

3. దురాశ ఎవరిది?

కథ 1927లో జరుగుతుంది. విప్లవం జరిగి పదేళ్లయింది. అంతర్యుద్ధం తరువాత 1921లో మొదలైన నూతన ఆర్థిక విధానం చిన్న వర్తకానికి ఇచ్చిన వెసులుబాటు ముగింపుదశలో ఉంది. ఇప్పొలిత్ మత్వేయెవిచ్ వొరొబ్యానినొవ్ ఒకప్పుడు తన జిల్లాలో కులీనులకు పెద్ద. ఇప్పుడు ఒక చిన్నపట్నంలో జననమరణాలు, పెళ్లిళ్లు నమోదుచేసే గుమాస్తా. అతని అత్తగారు మరణశయ్యపై ఒక రహస్యం చెబుతుంది. విప్లవకాలంలో తన వజ్రాలను పన్నెండు కుర్చీల్లో ఒకదాని మెత్తలో పెట్టి కుట్టిందట. ఆ కుర్చీలను ఎప్పుడో జప్తుచేశారు. ఆవిడ అదే సంగతిని చివరి పాపనివేదనలో మతగురువు ఫ్యోదర్‌కూ చెప్పింది. ఆ రహస్యాన్ని కాపాడవలసిన గురువు గడ్డం గొరిగించుకొని వజ్రాల వేటకు బయలుదేరుతాడు. బెందర్ కథలోకి వచ్చేది ఆ తరువాత. ఇరవై ఎనిమిదేళ్ల యువకుడు, చేతిలో ఒక పాతకాలపు ఖగోళయంత్రం, కాళ్లకు మేజోళ్లు కూడా లేకుండా కాలినడకన స్తార్గొరొద్ పట్టణంలో ప్రవేశిస్తాడు. అతనికి గతం లేదు. తండ్రి తురుష్కదేశ ప్రజ అని తాను చెప్పుకొనే ఒక్కమాట తప్ప వంశం లేదు.

రచయితలు దురాశను పంచిపెట్టిన పద్ధతి గమనింపదగినది. దాని ముఖ్యభాగం వొరొబ్యానినొవ్‌కూ, ఫ్యోదర్‌కూ దక్కింది. ఫ్యోదర్ భార్యకు ఉత్తరాలు రాసి డబ్బు తెప్పించుకుంటూ, ఎవరివో వేరే పన్నెండు కుర్చీల వెంట దేశమంతా తిరుగుతాడు. చివరకు వాటిని కొని, నల్లసముద్రపు ఒడ్డున గొడ్డలితో ముక్కలుచేసి, ఏమీ దొరక్క మతిచెడి కాకసస్ కొండశిఖరం ఎక్కి కూర్చుంటాడు. వొరొబ్యానినొవ్ పతనం ఇంకా నెమ్మదిగా సాగుతుంది. కుర్చీల వేలానికి దాచిన సొమ్మును ముందురాత్రి భోజనశాలలో ఒక అమ్మాయిముందు దర్పం చూపడానికి తగలేస్తాడు. దానివల్లనే కుర్చీలు చేజారి మాస్కో అంతటా చెదిరిపోతాయి. ఇలా ఒక్కొక్క మెట్టూ దిగిన ఈ మాజీ ప్రముఖుడే నవల చివర కత్తి పడతాడు.

ఈ ఇద్దరి పక్కన బెందర్‌కున్న ధనాశ ఆటగాని ఆశలా కనిపిస్తుంది. డబ్బు కావాలని అతడు దాచడు, సిగ్గుపడడు. అయితే చేతికి వచ్చినది నిలవాలన్న తపన అతనిలో లేదు. వేలం సొమ్ము పోయిన సంగతి తెలిసినప్పుడు కోపంతో భాగస్వామిని కొడతాడు. మరునాడే కొత్త ఉపాయంతో లేస్తాడు. ఆ లేవడమే పాఠకుని ఆకట్టుకుంటుంది. వొరొబ్యానినొవ్ పోయిన రోజులను తిరిగి తెచ్చుకోవాలనుకుంటాడు. బెందర్‌కు తిరిగి రావలసినదేదీ లేదు. గడచిన పదేళ్లలో ఏదో ఒకటి పోగొట్టుకున్న పాఠకసమాజానికి పోగొట్టుకోవడానికేమీ లేని ఈ మనిషి ఇచ్చిన ఊరట తక్కువది కాదు.

అల్ఖేన్ అనే మరొక పాత్రతో పోల్చితే ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. అతడు వృద్ధాశ్రమపు అధికారి, స్వభావతః బిడియపు దొంగ. అనాథ వృద్ధురాండ్ర తిండిని, బట్టను, ఆశ్రమపు సామానును అమ్ముకుతింటాడు. ప్రతి దొంగతనానికీ ముఖం ఎర్రబడుతుంది, అయినా ఆపడు. అతనికున్న సిగ్గు అతని చేతిని పట్టుకోదు, ముఖానికి రంగు పూస్తుంది, అంతే. తనిఖీ అధికారి వేషంలో వచ్చిన బెందర్‌కు ఆశ్రమం చూపిస్తున్నంతసేపూ అతడు వణుకుతూనే ఉంటాడు. బెందర్‌కు ఆ లోపలి చీలిక లేదు. తాను వంచకుడనని తెలిసిన వంచకుడు ఆత్మవంచన చేసుకోనక్కరలేదు. సిగ్గుపడే దొంగలమధ్య సిగ్గులేని దొంగ నిజాయితీపరునిలా కనిపించడం ఈ నవల సాధించిన హాస్యాల్లో అన్నిటికంటె పదునైనది.

4. వాస్యుకీ ఊరి కల

ఆకర్షణకు అసలు కేంద్రం బెందర్ మాట. ఆ మాట పనిచేసే తీరు వాస్యుకీ సన్నివేశంలో పరిపూర్ణంగా కనిపిస్తుంది. వోల్గా తీరాన చిన్న ఊరు. చేతిలో చిల్లిగవ్వ లేని స్థితిలో బెందర్ అక్కడి చదరంగ సంఘానికి వెళ్లి తాను గ్రాండ్‌మాస్టర్‌నని పరిచయం చేసుకుంటాడు. ఉపన్యాసానికి ఒక రుసుము, తనతో ఆడటానికి మరొక రుసుము నిర్ణయిస్తాడు. అతడు చదరంగం ఆడటం అది జీవితంలో రెండవసారి. ఇది కేవలం కల్పనావిలాసం కాదు. 1925లో మాస్కోలో జరిగిన అంతర్జాతీయ చదరంగ పోటీకి లాస్కర్, కాపబ్లాంకా వంటి దిగ్గజాలు వచ్చారు. దేశమంతటా చదరంగపు పిచ్చి వ్యాపించింది. ఆనాటి పాఠకునికి వాస్యుకీ సంఘసభ్యులు తన పక్కింటివారే.

సంఘపు పెద్దతో బెందర్ మొదట డబ్బు విషయం మాట్లాడడు. అంతర్జాతీయ పోటీ ఈ ఊళ్లోనే జరపవచ్చునంటాడు. ఎదుటివాని కన్ను మెరుస్తుంది. రైలుమార్గం, వసతిగృహాలు, ఆకాశహర్మ్యాలు వస్తాయంటాడు. తరువాత మాస్కో తగ్గి వాస్యుకీ పెరిగి రాజధాని అవుతుంది. చివరకు గ్రహాంతర చదరంగ మహాసభ. గమనిస్తే ఈ మాటలకు ముడిసరుకు ఆ శ్రోతలదే. తమ ఊరు ఎవరికీ పట్టని ఊరు కాకూడదన్న కోరిక వారిలో ముందే ఉంది. బెందర్ దానిని పైకి లాగి, రంగులు వేసి, వారికే అమ్మాడు. భవిష్యత్తు నేడో రేపో దిగివస్తుందని ఉపన్యాసవేదికలు రోజూ చెబుతున్న కాలం అది. బెందర్ ఉపన్యాసం ఆ వేదికలమీది ఉపన్యాసాలకంటె మరీ వింతదేమీ కాదు. కొలత కొంచెం పెంచాడు.

ఆట మొదలైన తరువాత అన్ని బల్లలమీదా ఒకే ఎత్తుతో ప్రారంభించి వరుసగా ఓడిపోతాడు. చివరకు ప్రత్యర్థి ఏనుగునే జేబులో వేసుకొని, పట్టుబడి, నదివైపు పరుగెత్తి పడవలో తప్పించుకుంటాడు. పందెం ఓడినా సన్నివేశం అతనిదే. అతని మాట వింటున్న కొద్ది నిమిషాలసేపు వాస్యుకీ నిజంగానే ప్రపంచ రాజధాని. ఆ నిమిషాలు ఆ సభ్యుల జీవితాల్లోకెల్లా గొప్పవి కావచ్చు. ఇంతకుమించిన చిత్రమేమంటే, కల్మీకియా రాజధాని ఎలిస్తాలో 1998 చదరంగ ఒలింపియాడ్ కోసం నిజంగానే ఒక చదరంగ నగరాన్ని కట్టి, అక్కడ బెందర్ విగ్రహం నిలిపారు. ఆడటం రాని ఆటగానికి ఆటవారు చేసిన సన్మానం!

ప్యాతిగోర్స్క్ సన్నివేశం చిన్నదైనా సూక్ష్మతలో తక్కువది కాదు. అక్కడ ‘ప్రొవాల్’ అనే సహజమైన గుహ, దాని అడుగున గంధకపు నీటిగుంట ఉన్నాయి. ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. బెందర్ దాని ద్వారం వద్ద నిలబడి టిక్కెట్లు అమ్ముతాడు. సాధారణ ప్రవేశం పది కోపెక్కులు, విద్యార్థులకు ఐదు, కార్మికసంఘ సభ్యులు కానివారికి ముప్పై, పిల్లలకు, ఎర్రసైనికులకు ఉచితం. ఎందుకని అడిగినవారికి గుహ మరీ కూలిపోకుండా మరమ్మతుకని జవాబు. ఇక్కడ పాఠకుని నవ్వించేది అబద్ధం కాదు, ఆ ధరలపట్టిక. రాయితీల వర్గీకరణ సరిగ్గా ప్రభుత్వపు లెక్కలాగే ఉంది కనుకనే ఎవరూ సందేహించరు. కార్యాలయపు భాష తెలిసినవాడు కార్యాలయం లేకుండానే పని నడపగలడు. అనుమతిపత్రాలు, ధ్రువపత్రాలు, రాయితీల కోసం వరుసల్లో నిలబడిన అనుభవం ఉన్న ఏ దేశపు పాఠకునికైనా ఈ పేజీ చదివినప్పుడు ఒక విధమైన ప్రతీకారసుఖం కలుగుతుంది.

స్తార్గొరొద్‌లో పాత వర్తకులు, మాజీ అధికారులను చీకటిగదిలో చేర్చి నడిపిన రహస్యసంఘం కథ దీనికి మరొక ముఖం. జార్ పాలన తిరిగి వస్తుందని వారు ఎదురుచూస్తున్నారు. బెందర్ వొరొబ్యానినొవ్‌ను మహాచింతకునిగా, చక్రవర్తికి సన్నిహితునిగా చూపి, దిక్కులేని పిల్లల సహాయం పేరిట చందాలు రాబడతాడు. కొత్తలోకపు ఆశను వాస్యుకీలో, పాతలోకపు ఆశను స్తార్గొరొద్‌లో ఒకే చేతితో అమ్మినవాడు అతడు. రెండింటినీ నమ్మనివాడు కనుకనే అమ్మగలిగాడు.

గిరీశానికీ బెందర్‌కూ పోలిక బలంగా కుదిరేది ఈ చోటనే. విజయనగరంలో అప్పులవాళ్లు చుట్టుముట్టగా, శిష్యుడు వెంకటేశానికి చదువు చెప్పే నెపంతో గిరీశం కృష్ణరాయపురం అగ్రహారం చేరతాడు. అగ్నిహోత్రావధానులకు ఇంగ్లీషు చదువు వ్యవహారాలకు ఎలా పనికివస్తుందో చెబుతాడు. బుచ్చమ్మకు వితంతు వివాహపు ధర్మం చెబుతాడు. ఎవరికి ఏ మాట చెల్లుతుందో తెలిసినవాడు. అతని చేతిలో సంఘసంస్కరణ ఒక నాణెం. బెందర్ చేతిలో సోషలిజపు పరిభాష కూడా అంతే. గొప్ప ఆశయాలు కొత్తగా చలామణీలోకి వచ్చిన కాలంలోనే ఇటువంటి పాత్రలు పుట్టడం యాదృచ్ఛికం కాదు. అసలు నాణెం ఉన్నచోటనే దొంగ నాణెం చెల్లుతుంది. తేడా కూడా ఉంది. గిరీశం తన ఉపన్యాసంలో తానే కొంత కొట్టుకుపోతాడు, బుచ్చమ్మను చూసినప్పుడు అతనిలో ఎంత నటన, ఎంత నిజమన్నది తేల్చడం సులభం కాదు. బెందర్ మొదటి నవలలో ఒక్కసారైనా కొట్టుకుపోడు.

5. వితంతువు టీ వడకట్టు

ఇంతవరకు చెప్పిన ఆకర్షణకు మూల్యం చెల్లించింది ఎవరు? ఈ ప్రశ్న అడగకుండా బెందర్‌ను మెచ్చుకోవడం విమర్శకునికి తగదు. ఒక కుర్చీ శ్రీమతి గ్రిత్సత్సూయెవా అనే వితంతువు ఇంట్లో ఉంది. యుద్ధంలో అంగవికలుడైన భర్త పోయి ఒంటరిగా ఉన్న స్త్రీ. కుర్చీ కోసం బెందర్ ఆమెను పెళ్లాడతాడు. తెల్లవారకముందే కుర్చీని చీల్చి చూసి, పోతూ పోతూ ఇంట్లోని కొన్ని చిన్న వస్తువులను కూడా పట్టుకుపోతాడు. అందులో బంగారుపూత పూసిన టీ వడకట్టు ఒకటి. ఆమె మోసపోయానని అనుకోదు. భర్త తప్పిపోయాడని వెదుకుతూ మాస్కో వస్తుంది. అనేక పత్రికల కార్యాలయాలున్న పెద్ద భవనంలో అతనిని కనుక్కుంటుంది. బెందర్ నడవాల వెంట పరుగెత్తించి, ఒక తలుపు వెనుక ఆమె చిక్కుబడేలా చేసి వెళ్లిపోతాడు. ఆమె ఆ రాత్రి అక్కడే గడుపుతుంది.

ఆ టీ వడకట్టు కథ అంతటితో ముగియదు. ముప్పై మాటలతోనే సంసారం నడిపే ఎల్లొచ్కా అనే ఫ్యాషన్ పిచ్చి గృహిణి మరొక కుర్చీని కొన్నది. విదేశాల్లో ఇదే నాగరికమని నమ్మించి, ఆ వడకట్టును ఇచ్చి బెందర్ ఆమె కుర్చీ పట్టుకుపోతాడు. ఎల్లొచ్కా సన్నివేశం రష్యన్ హాస్యసాహిత్యంలో అతి ప్రసిద్ధం. నవ్వుతున్న పాఠకునికి ఆ వడకట్టు ఎక్కడిదో గుర్తురాదు. గుర్తురాకుండా చూడటం రచయితల నేర్పు. గ్రిత్సత్సూయెవాను వారు స్థూలకాయంతో, కవిత్వపు కోరికలతో, పెద్ద పెద్ద ఉపమానాలతో వర్ణించారు. హాస్యం ఆమె శరీరంమీద పడేసరికి ఆమె దుఃఖం కంటికి ఆనకుండా పోయింది. ఇది నవలలోని లోపమనే చెప్పాలి. ఆ కాలపు హాస్యసంప్రదాయం అటువంటిదని సమర్థించవచ్చు, కాని అంతకు ముప్పై ఏళ్లకు పూర్వమే గురజాడ మరొక దారి చూపాడు. బుచ్చమ్మ నవ్వులాట వస్తువు కాదు. ఆమె నమ్మకం స్వచ్ఛమైనది కనుక గిరీశం మాటకారితనం ప్రతిసారీ ఆమె ముఖంలో కొలతకు వస్తుంది. చివరకు సౌజన్యారావు పంతులు ఆమెను పూనాలోని వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు చేసినప్పుడు, గిరీశం రంగం వదిలి వెళ్లడంలో నవ్వు ఉంది, కాని ఆ నవ్వు ఆమె మీద కాదు.

‘పన్నెండు కుర్చీలు’లో శిక్ష వేరేచోటి నుంచి వస్తుంది. చివరి కుర్చీ మాస్కో రైల్వే కార్మికుల క్లబ్బులో ఉందని తెలిసిన తరువాత, వాటా పంచుకోవడం ఇష్టంలేక వొరొబ్యానినొవ్ కత్తి ఎత్తుతాడు. మరునాటి ఉదయం క్లబ్బుకు వెళితే, వజ్రాలు ముందే బయటపడ్డాయనీ, ఆ డబ్బుతోనే ఈ కొత్త భవనం కట్టారనీ కాపలాదారు సంతోషంగా చెబుతాడు. సోవియట్ నీతి ప్రకారం ఇది సలక్షణమైన ముగింపు. నిధి ప్రజలపాలయింది. అయితే పాఠకుని మనసు ఆ భవ్యమైన క్లబ్బులో నిలవదు, ముందురాత్రి గదిలోనే ఉండిపోతుంది. ఆరోజుల్లో విమర్శకులు ఈ నవలను చాలాకాలం పట్టించుకోలేదు. పాఠకులు విరగబడి నవ్వుతుంటే విమర్శ మౌనంగా ఉన్న వైనాన్ని 1929లోనే కవి ఓసిప్ మండెల్‌స్తామ్ ఎత్తిచూపాడు. 1948లో రెండు నవలలనూ కలిపి పునర్ముద్రించినప్పుడు రచయితల సంఘం తీవ్రంగా ఖండించింది. ఆ తరువాత 1956 వరకు అవి మళ్లీ అచ్చుకాలేదు. ఖండించినవారికి హాస్యం తెలియదని కొట్టిపారేయడం సులభం. నిజానికి వారు ఒక విషయం సరిగానే పసిగట్టారు. ఈ పుస్తకంలో ఆదర్శపౌరుడు ఎక్కడా బెందర్‌కు సాటిరాడు.

6. ‘బంగారు దూడ’: బాకీ తీర్చుకోవడం

చీటీలో చనిపోయినవాడిని రచయితలు మూడేళ్లకు బతికించారు. 1931లో అదే పత్రికలో వచ్చిన ‘బంగారు దూడ’లో బెందర్ మెడమీద కత్తిగాటు మచ్చతో తిరిగివస్తాడు. అతని గురి కరేయికో అనే కుబేరుడు. ఇతడు కోటి రూబుళ్లు దాచుకొని, నెలకు నలభై ఆరు రూబుళ్ల జీతంమీద గుమాస్తాగా బతుకుతుంటాడు. ఖర్చుచేయడానికి వీలులేని దేశంలో ధనవంతుడు కావడమంటే ఏమిటన్నది ఈ నవల ఎత్తుకున్న సమస్య. మొదటి నవల బెందర్‌కు ఉచితంగా ఇచ్చిన ప్రతి సుఖానికీ ఈ నవల లెక్క అడుగుతుంది.

బెందర్ వెంట ఈసారి ముగ్గురు అనుచరులు. వారిలో పనికోవ్‌స్కీ అనే ముసలి దొంగ దారిలోనే చనిపోతాడు. అతనిని పాతిపెట్టి బెందర్ మాట్లాడిన తీరులో పూర్వపు వెటకారం ఉంది, కాని దాని వెనుక మొదటిసారి ఒక ఖాళీ వినిపిస్తుంది. జోస్యా అనే అమ్మాయిని అతడు నిజంగానే ప్రేమిస్తాడు. కరేయికో వేటలో ఆమెను వదిలి పోతాడు. పది లక్షలు సంపాదించి తిరిగివచ్చేసరికి ఆమెకు పెళ్లయిపోతుంది. ఆ డబ్బును మూటకట్టి ప్రభుత్వ ఆర్థికశాఖ అధిపతికి తపాలాలో పంపి, మళ్లీ మనసు మార్చుకొని వెనక్కు లాక్కుంటాడు. మొదటి నవలలోని బెందర్ ఈ రెండు పనుల్లో ఏదీ చేయగలవాడు కాడు.

రైలు సన్నివేశం ఈ సిద్ధాంతానికి నిరూపణ వంటిది. పెట్టెలో విద్యార్థుల బృందం ఉంది. బెందర్ మాటలకు వారు పడీపడీ నవ్వుతారు, తమలో కలుపుకుంటారు. ఆ ఉత్సాహంలో అతడు తన దగ్గరున్న పది లక్షలు తీసి చూపిస్తాడు. నవ్వు ఆగిపోతుంది. ఒక్కొక్కరే లేచి వెళ్లిపోతారు. డబ్బులేని బెందర్ మాట అందరికీ కావాలి, డబ్బున్న బెందర్ మాట ఎవరికీ వద్దు. వసతిగృహాలకు వెళితే గదులన్నీ ఏదో ఒక మహాసభ ప్రతినిధులకు కేటాయించి ఉంటాయి. వస్తువులు కొందామంటే అమ్మేవారు లేరు.

భారతీయ పాఠకునికి ప్రత్యేకంగా ఆసక్తి కలిగించే ఘట్టం కూడా ఇక్కడే ఉంది. దిక్కుతోచని ఈ ధనికుడు మాస్కో వచ్చిన ఒక భారతీయ తత్త్వవేత్తను, కవిని కలిసి జీవితార్థం ఏమిటని అడుగుతాడు. దాన్ని తెలుసుకోవడానికే తాను ఈ దేశానికి వచ్చానన్న ధోరణిలో ఆయన సమాధానం సాగి, ఇక్కడి విద్యావిధానంమీది ప్రశంసగా మారిపోతుంది. రవీంద్రనాథ టాగోర్ 1930 సెప్టెంబరులో మాస్కో సందర్శించి, అక్కడి విద్యావ్యాప్తిని మెచ్చుకుంటూ లేఖలు రాసిన సంగతి ప్రసిద్ధమే. ఇల్ఫ్, పెత్రోవ్‌ల పరిహాసం ఆ సందర్శన మీదనే అని అధ్యేతలు గుర్తించారు. పరిహాసం కొంచెం నొప్పించేదే. అయినా గురి మహాకవి కంటె ఎక్కువగా బెందర్ మీదనే ఉంది. ఇన్నాళ్లూ ఎవరికి ఏ మాట కావాలో అది ఇచ్చినవాడు తనకు కావలసిన మాట కోసం బయటివారి గుమ్మం తొక్కవలసివచ్చింది, అక్కడ దొరికినదీ ఉపన్యాసమే.

చివరకు ఉన్నదంతా బంగారంగా, ఖరీదైన ఉన్నికోట్లుగా మార్చి ఒంటినిండా ధరించి, గడ్డకట్టిన ద్నేస్త్ర్ నదిమీదుగా రుమేనియా దాటాలని చూస్తాడు. సరిహద్దు కాపలావారు పట్టుకొని కొట్టి, ఒంటిమీదివన్నీ ఒలుచుకుంటారు. అతని పిడికిట్లో ఒక్క పతకం మిగులుతుంది. స్తార్గొరొద్‌కు వచ్చిన రోజున బెందర్ ఒంటిమీద ఇంచుమించు ఇంతే ఆస్తి ఉంది. ఆనాడు అతడు ఈలవేసుకుంటున్నవానిలా నడిచివచ్చాడు. ఇప్పుడు పగులుతున్న మంచుమీద, వెనక్కి, సోవియట్ తీరంవైపు నడుస్తున్నాడు.